బ్రిటన్‌ల మనోళ్ల బతుకు మీద సినిమాలు: తెలుగు సబ్‌టైటిళ్లతో మహబూబ్‌నగర్‌ల చూపెట్టాలంటే ఎట్ల?

పిల్లలమర్రి:

మహబూబ్‌నగర్‌ల ఒక డిగ్రీ కాలేజీ కోసం అడుగుతున్న. డిసెంబర్, జనవరి నెలల్ల ఆరు శనివారాలు సాయంత్రం పూట సినిమాలు వెయ్యాలని ఉన్నది. ఇంగ్లండ్‌ల స్థిరపడ్డ భారతీయ కుటుంబాల జీవితం మీద తీసినవే కావాలె. హిందీ పెద్ద హిట్లు అందరూ చూసినవే, అవి వద్దు. అక్కడ పుట్టి పెరిగినోళ్లు, లేదా చిన్నప్పుడే పోయి అక్కడ పెరిగినోళ్లు తీసినవి, రాసినవి అయితే మంచిది.

చూసెటోళ్లు 60 మంది విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కొందరు, అంతా కలిపి వంద లోపే. పిల్లల్ల శానమంది యూకేల ఎమ్మెస్ చెయ్యాలని చూస్తున్నరు. తల్లిదండ్రుల్ల కొందరికి ఇంగ్లిష్ రాదు, కొందరికి తెలుగు చదువుడు కూడ కష్టమే. హాలు 40 అడుగుల పొడుగు, 25 అడుగుల వెడల్పు. ప్రొజెక్టర్ పాతది, నలుచదరం బొమ్మ పడేది, వెనుక వీజీఏ పిన్ను ఒక్కటే ఉన్నది. ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నది.

ఏ సినిమాలు, ఏ వరుసల వెయ్యాలె? తెలుగు సబ్‌టైటిళ్లు మేమే రాసుకుంటే ఏమేం చూసుకోవాలె? ఓటీటీ నుంచి నేరుగా వెయ్యొచ్చునా? చట్టం ఏమంటది? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

పానగల్లు:

మేడమ్, ముందుగాల ఒక మాట. ఆరు వద్దు, నాలుగు చాలు. నాలుగు సినిమాలకు సబ్‌టైటిళ్లు సరిగ్గ రాసుడే రెండు నెలల పని. మిగిలిన రెండు శనివారాలు మాట్లాడుకునేటందుకు ఉంచుకోండ్రి.

రెండో సంగతి, పేరు. "బ్రిటిష్ ఇండియన్ సినిమాలు" అని బోర్డు పెడితే సగం తప్పు అయితది. ఈ కోవల మంచివి అనుకునేటివాటిల చాలా కథలు పాకిస్థానీ కుటుంబాలవి. అక్కడ ఇండియా, పాకిస్థాన్, బంగ్లాదేశ్ మూలాలున్నోళ్లను కలిపి "ఏషియన్" అంటరు. చైనా, జపాన్ వాళ్లు ఆ మాటల సాధారణంగ రారు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే చెప్పకపోతే పిల్లలు చివరిదాంక తికమక పడుతరు.

వరుస విషయం. సినిమా విడుదలైన సంవత్సరాన్ని బట్టి పెట్టకండ్రి. కథ ఏ కాలంల జరుగుతదో దాన్ని బట్టి పెట్టుండ్రి. అట్లయితేనే వలస ఎట్ల నడిచిందో కండ్లకు కడుతది. 1948 చట్టంతో కామన్వెల్త్ దేశాలోళ్లు బ్రిటన్ పోయి ఉండే హక్కు వచ్చింది. పంజాబ్ నుంచి పోయిన మగోళ్లు బర్మింగ్‌హామ్, వుల్వర్‌హాంప్టన్ దిక్కు ఇనుము పోతపోసే కార్ఖానాలల్ల, లండన్ పడమట సౌతాల్ ఫ్యాక్టరీలల్ల పని పట్టిన్రు. ఒక్క ఇంట్ల పదిపదిహేను మంది, పగటి షిఫ్టోడు లేచిన మంచం మీద రాత్రి షిఫ్టోడు పండుడు. 1962 చట్టం వచ్చి, పని చీటీ లేకపోతే రానియ్యమన్నది. తలుపు మూస్తరని తెలిసినంక భార్యాపిల్లలను తెచ్చుకునుడు పెరిగింది. వస్తపోత ఉండేటోళ్లు అక్కడే ఉండిపోయిన్రు. 1972 ఆగస్టుల ఉగాండాల ఇదీ అమీన్ ఏషియన్లకు 90 రోజుల గడువు పెట్టిండు. అట్ల వచ్చినోళ్లల్ల గుజరాతీలు ఎక్కువ, లెస్టర్‌ల శానమంది దిగిన్రు. అక్కడికి రావొద్దని లెస్టర్ నగరపాలక సంస్థ ఉగాండా పత్రికల ప్రకటన వేసింది కూడ. ఈ మూడు తేదీలు నల్లబల్ల మీద రాసి ఉంచితే నాలుగు సినిమాలకూ అదే పునాది.

నా వరుస ఇట్ల ఉంటది.

మొదటిది ఈస్ట్ ఈజ్ ఈస్ట్ (1999). కథ జరిగేది 1971ల, మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌ల. పాకిస్థాన్ నుంచి వచ్చిన తండ్రి, తెల్లామె తల్లి, ఏడుగురు పిల్లలు, బతుకుదెరువుకు చేపలు, ఆలుగడ్డ చిప్స్ అమ్మే దుకాణం. తండ్రిగా ఓం పురి. తూర్పు పాకిస్థాన్ యుద్ధం వార్తలు ఇంట్ల నడుస్తనే ఉంటయి, అంటే తండ్రి దేశం రెండు ముక్కలు అవుతున్న సమయంలనే ఇల్లు కూడ చీలుతున్నది. రాసిన అయూబ్ ఖాన్ దిన్ సాల్ఫర్డ్‌ల పెరిగినాయనే. నవ్విస్తది గని, నడుమ తండ్రి తల్లిని కొట్టే సన్నివేశం గట్టిగ ఉంటది. ముందే చెప్పి వెయ్యాలె.

రెండోది బ్లైండెడ్ బై ది లైట్ (2019), దర్శకురాలు గురిందర్ చడ్ఢా. లూటన్, 1987. తండ్రి వాక్స్‌హాల్ కార్ల ఫ్యాక్టరీల పని పోగొట్టుకుంటడు. కొడుకుకేమో రాసుడు, పాటలు కావాలె. ఉద్యోగం పోయిన ఇంట్ల పైసలు ఎట్ల కలుస్తయో, ఎవరి సంపాదన ఎవరి చేతికి పోతదో అదంతా చూపెడుతది.

మూడోది భాజీ ఆన్ ది బీచ్ (1993). బర్మింగ్‌హామ్ ఆడవాళ్లు ఒక మినీబస్సుల బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డుకు ఒక్క రోజు పోయొచ్చే కథ. ఇదీ గురిందర్ చడ్ఢాదే, రచన మీరా స్యాల్. ఒకే బస్సుల మూడు తరాల ఆడవాళ్లు: ముసలమ్మలు, భర్త కొడితే పిల్లగాన్ని తీసుకొని బయటికొచ్చినామె, కాలేజీ పిల్ల, నడీడు దుకాణపామె. మన తల్లులకు అన్నిటికన్న దగ్గరగ తగిలేది ఇదే. నా లెక్కల ఈ నాలుగిట్ల ఇదే గొప్ప సినిమా, దీనికే ఎక్కువ టైమ్ పెట్టుండ్రి.

 లూటన్, 1987. తండ్రి వాక్స్‌హాల్ కార్ల ఫ్యాక్టరీల పని పోగొట్టుకుంటడు. కొడుకుకేమో రాసుడు, పాటలు కావాలె. ఉద్యోగం పోయిన ఇంట్ల పైసలు ఎట్ల కలుస్తయో, ఎవరి సంపాదన ఎవరి చేతికి పోతదో అదంతా చూపెడుతది.

ఆఖరికి బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్ (2002), 112 నిమిషాలు. లండన్ పడమట హౌన్‌స్లో, పంజాబీ సిక్కు కుటుంబం, ఫుట్‌బాల్ ఆడాలనుకునే చిన్నబిడ్డ. తేలికగ ఉంటదని దీన్ని మొదలు పెడుదామని అందరికి అనిపిస్తది. మొదలు పెడితే మిగిలినవి బరువైనయి అనిపిస్తయి. ఆఖరికి పెడితే తండ్రి మాటలు అర్థమైతయి: నైరోబీల మంచి ఫాస్ట్ బౌలర్‌గా పేరు తెచ్చుకున్న ఆయనను ఇంగ్లండ్ క్రికెట్ క్లబ్బుల తలపాగా చూసి ఎగతాళి చేసి పంపించిన్రు. బిడ్డను ఆపుతున్నది అహంకారం కాదు, ఆ దెబ్బ. అంతకు ముందు మూడు సినిమాలు చూసినోళ్లకు ఆ నాలుగు మాటల వెనుక 30 ఏండ్లు కనబడుతయి.

మై బ్యూటిఫుల్ లాండ్రెట్ (1985) గురించి ఎవరన్న అడుగుతరు. హనీఫ్ కురేషీ రాసిండు, టీవీ కోసమని తక్కువ ఖర్చుల తీసిన్రు, సినిమాగా గెలిచింది. ఇద్దరు మగపిల్లల ప్రేమ అందుల ఉన్నది. మంచి సినిమా, గని తల్లిదండ్రులు కూసున్న హాలుల తయారీ లేకుంట వేస్తే చర్చ ఆ ఒక్కదాని మీదనే ఆగుతది. 18 నిండిన విద్యార్థులకు వేరే రోజు పెట్టుకోండ్రి.

కోయిల్‌సాగర్:

సబ్‌టైటిళ్ల సంగతి నేను చెప్తాను. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే.

ముందు పనిని పంచుకోండి. మాటలు ఎక్కువున్న సినిమాకు వెయ్యికి పైగా సబ్‌టైటిళ్లు పడతాయి. ఒక్కరు శ్రద్ధగా చేస్తే రోజుకు 15 నిమిషాల సినిమా దాటదు. నలుగురు పంచుకోండి, కానీ చివర ఒక్కరే మొత్తం చదివి దిద్దాలి. లేకపోతే ఒకే మనిషి మొదటి అరగంటలో "మీరు" అని, తర్వాత "నువ్వు" అని మాట్లాడతాడు.

అసలు మొదటి పని అనువాదం కాదు, పిలుపుల పట్టిక. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే "యూ". తెలుగులో ప్రతిసారీ తేల్చాలి. ఒక కాగితం మీద పాత్రలన్నీ అడ్డంగా, నిలువుగా రాసి, ఎవరు ఎవరిని నువ్వు అంటారు, ఎవరు మీరు అంటారు, ఎవరు "రా" అంటారు అని నింపండి. మన దిక్కు ఇండ్లలో పిల్లలు నాయినను, అమ్మను "నువ్వు" అనే అంటారు, అది ప్రేమే. కాబట్టి సినిమా పిల్లలకు "నాన్నగారూ, మీరు" అని పెడితే మహబూబ్‌నగర్ తల్లిదండ్రులకు అది పరాయి ఇల్లు లాగా ఉంటుంది. దుకాణంలోకి వచ్చి అవమానించే తెల్ల కుర్రాళ్లకు మాత్రం "నువ్వు" చాలదు, "ఏయ్, ఏందిరా" పెట్టాలి. వయసులో పెద్దాయనను ఆ కుర్రాడు "రా" అంటున్నాడని చదివితేనే ఆ అవమానం తగులుతుంది.

చుట్టరికాల దగ్గర ఎక్కువ చేయకండి. అక్కడి భారతీయ ఇండ్లలో పెద్ద వయసు ఆడవాళ్లందరూ "ఆంటీ". దాన్ని అత్తమ్మ, చిన్నమ్మ, పెద్దమ్మ అని మారిస్తే లేని చుట్టరికం పుట్టుకొస్తుంది. ఆంటీని ఆంటీగానే ఉంచండి. బెక్‌హామ్ సినిమాలో చెల్లె అక్కను పేరు పెట్టే పిలుస్తుంది. "అక్కా" అని చేర్చాలని చెయ్యి లాగుతుంది, చేర్చవద్దు. ఆ పిల్ల ఇంగ్లండ్‌లో పెరిగిందని చెప్పే గుర్తు అదే.

ఇక మాటలు. మోసం చేసేవి ఇవి:

"టెరేస్డ్ హౌస్" అంటే మిద్దె ఇల్లు కాదు. ఒకదానికొకటి గోడలు కలిసి వరసగా ఉండే ఇండ్లు. "వరస ఇండ్లు" అనండి. "కౌన్సిల్ హౌస్" అంటే నగరపాలక సంస్థ కట్టి కిరాయికి ఇచ్చే ఇల్లు. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అని రాస్తే ఉచితంగా ఇచ్చారనుకుంటారు. "సర్కారు కిరాయి ఇల్లు" సరిపోతుంది. "ఆఫ్ లైసెన్స్" మన వైన్స్ లాంటిదే, "వైన్స్" అంటే పిల్లలకూ పెద్దలకూ అర్థమవుతుంది. "కార్నర్ షాప్" కిరాణా దుకాణం, కానీ అందులో పేపర్లు, సిగరెట్లు, పాలు ముఖ్యం. "పబ్లిక్ స్కూల్" అంటే సర్కారు బడి కాదు, దానికి ఉల్టా, బాగా ఫీజులుండే ప్రైవేటు బడి. "ఏ లెవెల్స్" ఇంటర్‌తో సమానం, "ఇంటర్" అనే రాసేయండి. ఉత్తర ఇంగ్లండ్ మనుషులు "టీ" అంటే చాలాసార్లు చాయ్ కాదు, సాయంత్రం తినే బువ్వ. సాల్ఫర్డ్ కథలో తల్లి "టీ అయింది రండి" అనే తరహా మాట వస్తే "బువ్వకు రండి" అని రాయాలి. "చాయ్" అని రాస్తే తెర మీద పళ్లెం నిండా తిండి, కింద చాయ్ అని పడుతుంది.

"భాజీ" అనేది బ్రిటన్‌లో ఉల్లిగడ్డ పకోడీ. ఇక్కడ మనకు బజ్జీ అంటే మిరపకాయ బజ్జీ. పేరు మార్చనవసరం లేదు, సినిమాకు ముందు ఒక్క వాక్యంలో చెప్పండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన మాట ఒకటుంది. ఈ సినిమాల్లో తెల్ల కుర్రాళ్లు మనవాళ్లను తిట్టే తిట్టు "పాకీ". పాకిస్థాన్ నుంచి పుట్టిన తిట్టే అయినా ఇండియా వాళ్లను, బంగ్లాదేశ్ వాళ్లను, తలపాగా ఉన్న సిక్కును, అందరినీ అదే మాటతో తిడతారు. తెలుగులో ఆ అక్షరాలే రాస్తే మన హాలులో దాని అర్థం పూర్తిగా మారిపోతుంది. పాకీ పని అన్న మాటతో తరతరాలుగా ఒక కులం మనుషులను అవమానించిన చరిత్ర మనది. తెర మీద ఆ మాట పడగానే కొందరు ఇంగ్లండ్‌లో వాళ్లను పాయఖానాలు ఎత్తేవాళ్లు అన్నారనుకుంటారు, ఇంకొందరికి సూటిగా గుండెలో గుచ్చుకుంటుంది. "పాకిస్థానీ" అని రాసినా తప్పే, అది దేశం పేరు, తిట్టు కాదు. నేను చెప్పే పద్ధతి: సబ్‌టైటిల్‌లో "నల్లోడా, మీ దేశం పో" లాగా ఆ సన్నివేశం బరువుకు తగిన తిట్టు రాయండి. సినిమాకు ముందు మైకులో అసలు మాట ఏమిటో, అది ఎవరిని అంటారో, మన తెలుగు మాటకూ దానికీ సంబంధం లేదని చెప్పండి. రెండు నిమిషాలు పడుతుంది, తప్పించవద్దు.

పంజాబీ మాటలు ఇంగ్లిష్ మధ్యలో వస్తే అన్నీ అనువదించకండి. "పుత్తర్", "బేటా" లాంటివి వినబడతాయి, అర్థమవుతాయి. తల్లి కోపంలో పంజాబీలోకి, బిడ్డ జవాబు ఇంగ్లిష్‌లోకి మారడం వినబడాలి. పంజాబీ వాక్యాలకు సబ్‌టైటిల్ వాలు అక్షరాల్లో పెట్టండి, చదివేవారికి భాష మారిందని తెలుస్తుంది.

కొలతలు. ఒక్క వరసకు 18 నుంచి 20 అక్షరాలు, రెండు వరసలు మించవద్దు. ఇక్కడ అక్షరం అంటే మన అక్షరం, గుణింతం, ఒత్తు కలిపి ఒకటి. సబ్‌టైటిల్ ఎడిట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గుణింతాన్ని, ఒత్తును వేరువేరుగా లెక్కపెట్టి ఎర్ర గీత చూపిస్తుంది, దాన్ని చూసి మాటలు తెగ్గొట్టకండి. నెమ్మదిగా చదివే పెద్దవాళ్లకు సెకనుకు ఆరేడు అక్షరాలు అని పెట్టుకోండి. అంటే నిండు రెండు వరసలు ఐదున్నర, ఆరు సెకన్లు నిలవాలి. అంత సమయం లేకపోతే వాక్యం కురచ చేయండి, అక్షరాలు చిన్నవి చేయకండి.

ఫైల్ దాచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టాలి, లేకపోతే తెలుగు బదులు ప్రశ్న గుర్తులు పడతాయి. సినిమా వేయడానికి వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వాడితే 3 లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉండాలి, పాతదానిలో ఒత్తులు విడిపోతాయి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టండి. పరీక్షకు "స్త్రీ, రాష్ట్రం, క్షమించు, మర్యాద" అని నాలుగు మాటలు మొదటి సబ్‌టైటిల్‌గా పెట్టి చూడండి. అవి సరిగ్గా పడితే మిగతావి పడతాయి.

దేవరకొండ గుట్ట:

కోయిల్‌సాగర్ అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుత. సబ్‌టైటిళ్లు మాటకు అందకపోతే అందరూ ముందుకు, వెనుకకు జరుపుకుంట కూసుంటరు. ముందు తేడా ఏ రకందో చూడాలె. సినిమా మొదటి మాట దగ్గర, ఆఖరి మాట దగ్గర, రెండు చోట్లా చూడుండ్రి. రెండు చోట్లా ఒకటే తేడా ఉంటే వీఎల్‌సీల జీ, హెచ్ మీటలతో జరిపితే పని అయిపోతది. మొదట్ల సరిగ్గ ఉండి, పోను పోను వెనుకబడుతే అది వేగం తేడా. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, బ్రిటన్ డీవీడీ సెకనుకు 25. డిస్క్ నాలుగు శాతం తొందరగ నడుస్తది. 24 లెక్కన టైమింగ్ పెట్టిన ఫైల్ వేస్తే పది నిమిషాలకే 24 సెకన్లు, గంటకు రెండున్నర నిమిషాలు వెనుకబడుతది. సబ్‌టైటిల్ ఎడిట్‌ల ఫ్రేమ్ రేటు మార్చే చోట 23.976 నుంచి 25కు మారిస్తే ఒక్క దెబ్బకు సరి అయితది. ఏ డిస్క్ వేస్తరో ఆ డిస్క్ ముందు పెట్టుకొనే టైమింగ్ కొట్టుడు అన్నిటికన్న మేలు.

ఇగ మీ ప్రొజెక్టర్. ఓటీటీ ఆలోచన వదిలెయ్యండ్రి. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న డబ్బా పెట్టి ఓటీటీ వేస్తే సప్పుడు వస్తది, తెర నల్లగ ఉంటది. డబ్బా పాడైందని మార్చి మార్చి కొంటరు, అది డబ్బా తప్పు కాదు. కాపీ చెయ్యకుంట పెట్టిన తాళం వీజీఏ దారిల బొమ్మను ఆపేస్తది. పైగా ఓటీటీల మీరు రాసిన తెలుగు ఫైల్ ఎక్కదు. డీవీడీ కొని వీఎల్‌సీల వేస్తే ఈ రెండు తిప్పలూ ఉండయి. ఒక్కటి చూసుకోండ్రి: డిస్క్ ఏ దేశాలల్ల నడువాలెనో చెప్పే రీజియన్ నంబర్ ఉంటది, బ్రిటన్ డిస్క్‌ది 2, మన దేశానిది 5. ల్యాప్‌టాప్‌కు తగిలించే డీవీడీ డ్రైవ్‌ల రీజియన్ ఐదుసార్లు మాత్రమే మార్చొచ్చు, ఐదోసారి మార్చినదాని మీదనే అది ఆగిపోతది. అందుకే ఒక డ్రైవ్‌ను 2 మీద పెట్టి ఈ పనికే ఉంచుకోండ్రి.

నలుచదరం బొమ్మ ప్రొజెక్టర్ అని బాధపడకండ్రి. వెడల్పు సినిమా వేస్తే పైన కింద నల్ల పట్టీ మిగులుతది. తెలుగు అక్షరాలను ఆ కింది పట్టీల పడేటట్టు జరుపుండ్రి. నలుపు మీద తెల్లటి అక్షరం, వెనుక బొమ్మ ఉండదు, ఒత్తులు, గుణింతాలు స్పష్టంగ కనబడుతయి. కొత్త ప్రొజెక్టర్ మీద ఈ సౌలత్ తక్కువ.

తెర 8 అడుగుల వెడల్పు పెట్టుకుంటే సినిమా బొమ్మ ఎత్తు నాలుగున్నర అడుగులు ఉంటది. చదివేటోళ్లు ఆ ఎత్తుకు ఆరు రెట్లు, అంటే 27 అడుగుల లోపల కూసోవాలె. మీ హాలు 40 అడుగులు గనుక వెనుక పది పన్నెండు అడుగులు ఖాళీ ఉంచుండ్రి. ప్రొజెక్టర్ సాధారణ రకం అయితే వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరంల, 12 అడుగుల కాడ పెట్టాలె. ముందటోళ్లను జంపఖానా మీద కూసోబెట్టి, వెనుక కుర్చీలు వేస్తే, సబ్‌టైటిళ్ల అంచు నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలె. లేకపోతే ముందు తలకాయలు అక్షరాలనే కమ్ముతయి. పెద్దలను ముందు, పిల్లలను వెనుక కూసోబెట్టుండ్రి, మామూలుగ చేసేదానికి ఉల్టా.

సప్పుడు ప్రొజెక్టర్ల నుంచి తీసుకోకండ్రి, వీజీఏల సప్పుడు రాదు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్‌కు తియ్యుండ్రి. గుయ్యిమని మోత వస్తే ల్యాప్‌టాప్, మిక్సర్, ప్రొజెక్టర్ మూడూ ఒకే ప్లగ్గు బోర్డు నుంచి పెడితే ఎక్కువ శాతం పోతది. డిస్క్‌ల రెండు సౌండ్ ట్రాకులు ఉంటే స్టీరియోది పెట్టుండ్రి. ఆరు స్పీకర్ల ట్రాకును రెండు స్పీకర్లల్ల వేస్తే పాటలు గట్టిగ, మాటలు సన్నగ వస్తయి. ఖాళీ గోడల హాలుల మాట మోగుతది. వెనుక గోడకు పాత దుప్పట్లు, శతరంజీలు వేలాడదీస్తే సాల్ఫర్డ్ యాస కూడ చెవికి ఆనుతది. కరెంటు పోతే ప్రొజెక్టర్ బల్బు చల్లారకముందే ఫ్యాన్ ఆగుతది, బల్బు ఆయుష్షు అక్కడనే పోతది. ఒక కేవీఏ యూపీఎస్ పెట్టుండ్రి, కరెంటు పోయినంక ఐదు నిమిషాలల్ల ప్రొజెక్టర్‌ను పద్ధతిగ బంద్ చేసుకునేటందుకు చాలు.

పానగల్లు:

చట్టం గురించి కూడ అడిగిన్రు కదా మేడమ్. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52ల విద్యాసంస్థలకు మినహాయింపు ఉన్నది. సంస్థ కార్యక్రమంల భాగంగ, సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థతో సంబంధం ఉన్నోళ్లకే పరిమితం అయితే సినిమా చూపెట్టొచ్చు. అందుకే ఊర్ల బ్యానర్ కట్టకండ్రి, టికెట్ పెట్టకండ్రి, "అందరూ రావొచ్చు" అని వాట్సాప్‌ల తిప్పకండ్రి. బయటి జనం వస్తే ఆ మినహాయింపు పోతది, అప్పుడు హక్కులున్నోళ్ల దగ్గర రాతపూర్వకంగ అనుమతి తీసుకోవాలె. మీరు రాసిన తెలుగు సబ్‌టైటిళ్లు హాలు దాటనియ్యకండ్రి, ఇంటర్నెట్‌ల పెడితే అనువాద హక్కు గొడవ వస్తది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలల్ల 18 నిండనోళ్లు ఉంటరు. ఒక్కో సినిమా సర్టిఫికెట్ ముందే చూసి, పెద్దలకే అన్నది ఉంటే వాళ్లను ఆ రోజుకు పక్కకు పెట్టుండ్రి.

పిల్లలమర్రి:

అందరికీ కృతజ్ఞతలు. "పాకీ" సంగతి మాకు తట్టనే లేదు, అట్లనే రాసి పెట్టుకున్నం, ఇయ్యాల్నే మారుస్తం. రెండు ప్రశ్నలు మిగిలినయి. ఒకటి, చదువు రాని తల్లిదండ్రులకు ఏం చెయ్యాలె? రెండు, సినిమా అయినంక చర్చ ఎట్ల నడపాలె? పాలమూరు వలసతో పోల్చి మాట్లాడియ్యాలని ఉన్నది.

కోయిల్‌సాగర్:

చదువు రానివారికి చదివి వినిపించడమే దారి. ఒక ఆడగొంతు, ఒక మగగొంతు, ఇద్దరు విద్యార్థులు. సబ్‌టైటిళ్లను టైముతో సహా పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఇవ్వండి. ఆడపాత్రల మాటలు ఒకరు, మగపాత్రలవి ఇంకొకరు, అసలు మాట మొదలైన అర సెకను తర్వాత అందుకోవాలి. నటించవద్దు, సాదాగా చదవాలి. ఏడుపు, కోపం అసలు నటుల గొంతులో వినబడుతూనే ఉండాలి. రెండు గొంతులూ అందరికీ వినిపిస్తే చదివేవారికి చికాకు, అందుకని చిన్న స్పీకర్ ఒక పక్కన పెట్టి, వినేవారిని అటు కూర్చోబెట్టండి. చదివేవాళ్లు రెండుసార్లైనా పూర్తి సినిమాతో సాధన చేయాలి. ఒకసారి చదివి వస్తే బస్సు సన్నివేశాల్లో, ఐదారుగురు ఒకేసారి మాట్లాడే చోట తప్పిపోతారు. అలాంటి చోట్ల అన్నీ చదవకుండా కథ నడిపే ఒక్క మాట ఎంచి ముందే గీత గీసి పెట్టుకోవాలి.

పానగల్లు:

చర్చల "ఈ సినిమా ఏం చెప్తున్నది" అని అడగకండ్రి. అట్ల అడిగితే సంస్కృతి గొప్పది, కట్టుబాట్లు మారాలె అని రెండు మాటలు చెప్పి ఊకుంటరు. తెర మీద కనబడ్డది అడుగుండ్రి. ఇంట్ల గోడకు ఏ బొమ్మ ఉన్నది, దాని ముందు ఎవరు ఏం మాట్లాడిన్రు? బెక్‌హామ్ సినిమాల ఆ పిల్ల గురునానక్ పటంతో తన కష్టం చెప్పుకుంటది, అమ్మానాన్నలతో చెప్పలేనిది పటంతో చెప్తది. తండ్రి లేనప్పుడు సాల్ఫర్డ్ పిల్లలు ఏం తిన్నరు, తిన్నంక వాసన పోవడానికి ఏం చేసిన్రు? దుకాణంల గల్లా కాడ ఎవరు కూసుంటరు? ఇట్ల అడిగితే తల్లులు కూడ నోరు తెరుస్తరు, ఎందుకంటే చూసుడు అందరికీ వచ్చు.

పాలమూరు పోలిక తప్పకుంట తీసుకోండ్రి, గని తేడాలు ముందు పెట్టుండ్రి. పాలమూరు లేబర్ మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని, ఆ అప్పు తీర్చేటందుకు గుంపుగ పోయేటోళ్లు, పని అయినంక ఊరికి తిరిగొచ్చేటోళ్లు. బ్రిటన్ పోయినోళ్లు పాస్‌పోర్టుతో, చుట్టాల పేరు పట్టుకొని, ఇంట్ల ఒకరొకరుగ పోయినోళ్లు. వాళ్లల్ల చాలామందికి ఊర్ల ఎంతో కొంత భూమి ఉన్నది. ఒకటే అంటే మన మేస్త్రీ వ్యవస్థల ఉన్న అప్పు కనబడకుండ పోతది. కలిసేది వేరే కాడ ఉన్నది. తిరిగిపోతమనుకుంటనే ఏండ్లు గడుపుడు, సంపాదించింది ఊర్ల ఇంటికి పెట్టుడు, పిల్లలకు ఆ ఊరు తెల్వకపోవుడు. బొంబాయిల పుట్టి పెరిగిన పాలమూరు పిల్లలకు ఇది కొత్త ముచ్చట కాదు. ఆ ఇండ్లోళ్లు హాలుల ఉంటే వాళ్లను ముందుగాల మాట్లాడనియ్యుండ్రి.

యూకే పోవాలనుకునే పిల్లలకు ఇంకొకటి గట్టిగ చెప్పాలె. ఈ సినిమాలు 1971 నుంచి 2002 దాంక ఉన్న ఇంగ్లండ్‌ను చూపెడుతయి, ఆ కుటుంబాలు శాశ్వతంగ ఉండే హక్కుతో పోయినయి. ఇప్పటి స్టూడెంట్ వీసా వేరే లోకం. 2024 జనవరి నుంచి చదివే కోర్సుల మాస్టర్స్‌కు పోయేటోళ్లు భార్యను, భర్తను, పిల్లలను వెంట తీసుకపోయేటందుకు లేదు. సినిమాల కుటుంబాలను చూసి అట్లనే స్థిరపడుతమనుకుంటే లెక్క తప్పుతది. తెలుగోళ్లు ఈ సినిమాలల్ల ఎందుకు లేరని కూడ అడుగుతరు. ఆ మొదటి వలస పంజాబ్, గుజరాత్, తూర్పు ఆఫ్రికా, ఇప్పటి బంగ్లాదేశ్‌ల ఉన్న సిల్హెట్ దిక్కుల నుంచి నడిచింది. మనోళ్లు ఎక్కువగ డాక్టర్లుగ, తర్వాత సాఫ్ట్‌వేర్, చదువుల కోసం పోయినోళ్లు. వాళ్ల కథలు ఇంకా రావాలె.

మిగిలిన శనివారాలల్ల ఒకటి ఖాళీగ ఉంటే హీట్ అండ్ డస్ట్ (1983) వెయ్యొచ్చు. తెల్లోళ్లు మన దేశానికి వచ్చిన కథ, చాలా భాగం హైదరాబాద్‌ల తీసిన్రు. శశి కపూర్ నవాబు, తబలా జాకిర్ హుస్సేన్ కూడ నటించిండు. తల్లిదండ్రులు ఆ గోడలు, మెట్లు గుర్తుపడుతరు.

దేవరకొండ గుట్ట:

ఆఖరికి ఒక్కటి మేడమ్. మొదటి శనివారానికి రెండు రోజుల ముందు, గురువారం పొద్దుగూకినంక, అదే హాలుల, అదే డిస్క్‌తో, ఫ్యాన్లు ఆన్ చేసి పది నిమిషాలు వేసి చూడుండ్రి. డిసెంబర్‌ల ఆరున్నరకు చీకటి పడుతది గని కిటికీలల్ల వీధిలైటు వెలుగు పడుతదా చూడుండ్రి, పడుతే నల్లగుడ్డ రెండు మడతలు వెయ్యాలె. మీల ఒకరు ముందు వరసల జంపఖానా మీద, ఒకరు 27 అడుగుల కాడ కుర్చీల కూసొని సబ్‌టైటిళ్లు పైకి చదువుండ్రి. వెనుక కూసున్నామె చదువుట్ల ఆగిన ప్రతిచోటా టైము రాసుకొని, ఆ వాక్యాలను శుక్రవారం కురచ చెయ్యుండ్రి.